తొమ్మిది మిల్లీమీటర్ల పట్టాలపై చిట్టి సారథి

ఒకే పట్టాల మీద రెండు నమూనా రైలింజన్లను పెట్టి, ఒకదాన్ని ముందుకు, రెండోదాన్ని వెనక్కి నడపగలమా? పాత పద్ధతిలో కుదరదు. పట్టాలకు ఇచ్చే డీసీ వోల్టేజీ పెంచితే రెండూ వేగం పుంజుకుంటాయి. తీగలు తారుమారు చేస్తే రెండూ వెనక్కి మళ్లుతాయి. పట్టాలను ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కకు ఒక్కో స్విచ్చు పెట్టుకోవడం ఒక్కటే దారిగా ఉండేది. ఈ చిక్కు విడదీసింది డిజిటల్ కమాండ్ కంట్రోల్, పొట్టిగా డీసీసీ. జర్మనీలోని లెంజ్ సంస్థ 1980లలో రూపొందించిన విధానం ఆధారంగా అమెరికాకు చెందిన నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ 1990లలో దీని ప్రమాణాలను ప్రకటించింది. ఆ పత్రాలను ఎవరైనా చదవవచ్చు. ఓపెన్ సోర్స్ డీకోడర్లకు పునాది పడింది అక్కడే.

డీసీసీలో కరెంటూ, ఆదేశమూ ఒకే జత పట్టాల మీదుగా వెళ్తాయి. పట్టాలలో వోల్టేజీ ఎప్పుడూ పూర్తిగానే ఉంటుంది. దాని దిశ మాత్రం సెకనుకు వేల సార్లు మారుతూ ఉంటుంది. ఒక్కో దిశ 58 మైక్రోసెకన్లు నిలిస్తే ఆ బిట్ 1, వంద లేదా అంతకు మించి నిలిస్తే 0. ఉదాహరణకు 00000011, 01100110, 01100101 అనే మూడు బైట్లు వచ్చాయనుకుందాం. మొదటిది ఇంజిన్ చిరునామా, అంటే 3. రెండోది ముందుకు వెళ్లమని, 28 మెట్ల వేగంలో 9వ మెట్టు అందుకోమని చెబుతుంది. మూడోది తప్పు పట్టే బైట్. మొదటి రెండింటినీ బిట్ వెంట బిట్ పోల్చి, ఒకేలా ఉన్నచోట 0, తేడా ఉన్నచోట 1 రాస్తే వచ్చేది అదే. లెక్క సరిపోకపోతే డీకోడర్ ఆ ఆదేశాన్ని పక్కన పడేస్తుంది. పోయిందని దిగులు లేదు. సెకనుకు వందకు పైగా ఆదేశాలు పట్టాల మీద తిరుగుతుంటాయి, కాసేపట్లో అదే మాట మళ్లీ వస్తుంది.

ఇంజిన్ కడుపులో కూర్చుని ఈ మాటలు వినే చిన్న సర్క్యూట్ పలకే డీకోడర్. దిశ మారే విద్యుత్తును ఏకదిశకు మార్చే డయోడ్లు, వోల్టేజీ తగ్గించే రెగ్యులేటర్, ఒక మైక్రోకంట్రోలర్, మోటారును రెండు వైపులా తిప్పగల హెచ్-బ్రిడ్జ్ చిప్, ఇంతే సరంజామా. ఆదేశాలను విప్పి చెప్పే సాఫ్ట్‌వేర్ కూడా ఉచితంగానే దొరుకుతుంది. ఆర్డ్వినో కోసం రాసిన ఎన్ఎంఆర్ఏ-డీసీసీ లైబ్రరీ అలాంటిదే. ఆదేశాలు పంపే వైపు డీసీసీ-ఈఎక్స్ ఉంది.

అసలు ఇబ్బంది స్థలంతోనే. ఎన్ స్కేలు నమూనా అసలు రైలులో 160వ వంతు, పట్టాల మధ్య దూరం 9 మి.మీ. హైదరాబాద్ మెట్రో నడిచే 1435 మి.మీ. స్టాండర్డ్ గేజ్‌కు ఈ కొలత చక్కగా సరిపోతుంది. మన 1676 మి.మీ. బ్రాడ్‌గేజ్‌ను అదే వంతున తగ్గిస్తే దాదాపు 10.5 మి.మీ. రావాలి. అందుకే 9 మి.మీ. పట్టాల మీద నిలబెట్టిన భారతీయ ఇంజిన్ నమూనాకు కాళ్లు కాస్త దగ్గరగా పెట్టుకున్నట్టు ఉంటుంది.

ఇంత చిన్న ఇంజిన్‌లో చిప్ కాళ్ల సంఖ్య కూడా లెక్కే. ఏటీటైనీ85 అనే చౌక మైక్రోకంట్రోలర్‌కు ఎనిమిది కాళ్లు. విద్యుత్తుకు రెండు, రీసెట్‌కు ఒకటి పోతే మిగిలేవి ఐదు. సంకేతం వినడానికి ఒకటి, మోటారుకు రెండు, ముందు వెనుక దీపాలకు రెండు ఇస్తే ఐదూ అయిపోయాయి. మోటారు వేగం కొలుచుకోవడానికి ఇక కాలు మిగలదు. అది కావాలంటే ఇంకాస్త పెద్ద చిప్ వెతుక్కోవాలి.

అమర్చే పనిలో ఇంజిన్ ప్రాణం తీసే ఘట్టం ఒకటుంది. ఎన్ స్కేలు డీజిల్ ఇంజిన్లు చాలావాటిలో చట్రం రెండు లోహపు ముక్కలుగా ఉంటుంది. కుడి పట్టా కరెంటు ఒక ముక్కలో, ఎడమ పట్టా కరెంటు రెండో ముక్కలో ప్రవహిస్తుంది. మోటారు నుంచి వచ్చే రెండు రాగి నాలుకలు నేరుగా ఈ ముక్కలను తాకుతుంటాయి. పాత డీసీకి ఇది సొగసైన ఏర్పాటు, ఒక్క తీగ అక్కర్లేదు. డీకోడర్ పెట్టాక మాత్రం ఆ నాలుకలలో ఏ ఒక్కటి చట్రాన్ని తాకినా పట్టాల విద్యుత్తు హెచ్-బ్రిడ్జ్ మీద విరుచుకుపడుతుంది. రెప్పపాటులో పొగ.

కాబట్టి నాలుకలను చట్రం నుంచి పైకి వంచి, మధ్య కాప్టాన్ టేపు వేయాలి. డీకోడర్ కలపకముందే మల్టీమీటర్‌తో మోటారు కొసలు రెండు, చట్రం ముక్కలు రెండు, మొత్తం నాలుగు జతలనూ చూడాలి. ఏ జతలోనూ మీటరు కూత పెట్టకూడదు. చోటు కోసం చట్రాన్ని అరగదీయాల్సి వస్తే ముందు మోటారు బయటికి తీయడం తప్పనిసరి. లోహపు పొడి అందులోకి చేరకూడదు. మోటారుకు 12 వోల్టులిచ్చి, ఇరుసును క్షణకాలం వేళ్లతో ఆపి, అది తాగే కరెంటు ఎంతో కూడా కొలవాలి. హెచ్-బ్రిడ్జ్ అంతకంటే ఎక్కువ మోయగలగాలి.

తీగల రంగులకూ ప్రమాణం ఉంది. ఎరుపు కుడి పట్టాకు, నలుపు ఎడమ పట్టాకు, నారింజ, బూడిద రంగులు మోటారుకు, తెలుపు ముందు దీపానికి, పసుపు వెనుక దీపానికి, నీలం దీపాల ఉమ్మడి ధన తీగకు. ఎల్‌ఈడీకి వరసలో దాదాపు ఒక కిలోఓమ్ నిరోధం వేయకపోతే దీపం ఒక్కసారే వెలుగుతుంది.

దుమ్ము మరో శత్రువు. చక్రం కింద మురికి పడితే డీకోడర్ మతి తప్పుతుంది. దీనికి చిన్న కెపాసిటర్ అమరుస్తారు. 220 మైక్రోఫారడ్ల కెపాసిటర్ 14 వోల్టుల నుంచి 7కు దిగేలోపు, వంద మిల్లీఆంపియర్ల మోటారును సుమారు 15 మిల్లీసెకన్లు నడపగలదు. గంటకు 60 కి.మీ. వేగానికి సమానంగా నడిచే ఎన్ స్కేలు ఇంజిన్ ఆ వ్యవధిలో దాటేది ఒకటిన్నర మిల్లీమీటరే. దుమ్ము రేణువుకు అది చాలు.

ఓపెన్ సోర్స్ అసలు విలువ మోటారు నియంత్రణలో కనిపిస్తుంది. డీకోడర్ మోటారుకు విద్యుత్తును తునకలు తునకలుగా ఇస్తుంది. తునకల మధ్య ఖాళీలో తిరుగుతున్న మోటారు జనరేటర్‌లా మారి, తన వేగానికి తగ్గ వోల్టేజీ పుట్టిస్తుంది. దీన్నే బ్యాక్ ఈఎంఎఫ్ అంటారు. దాన్ని కొలిచి, ఎక్కుడులో వేగం తగ్గితే తునకల వెడల్పు పెంచుతారు. ఎంత కొలిస్తే ఎంత పెంచాలన్నది మోటారును బట్టి మారుతుంది. కొనుక్కున్న డీకోడర్‌లో తయారీదారు తెరిచిపెట్టిన సంఖ్యలనే మార్చగలం. ఇక్కడ ఆ లెక్క రాసిన వరుసలనే తిరగరాయవచ్చు. ముప్పై ఏళ్ల నాటి గరుకు మోటారు ఉన్నవారికి ఇది చిన్న విషయం కాదు. అయితే ఒక మిల్లీమీటరు పొడవైన భాగాలకు చేత్తో టంకం వేసే ఓపిక లేనివారు, యంత్రాలు కూర్చిన డీకోడర్ కొనుక్కోవడమే మేలు. పరిమాణంలో వాటిని మించడం కష్టం.

అంతా కలిపాక ఇంజిన్‌ను నేరుగా ప్రధాన పట్టాల మీద పెట్టరు. కరెంటుకు 250 మిల్లీఆంపియర్ల హద్దు ఉన్న ప్రోగ్రామింగ్ పట్టాల మీద నిలబెట్టి ప్రశ్నలు అడుగుతారు. డీకోడర్‌కు నోరు లేదు. అవునని చెప్పాలంటే మోటారును ఆరు మిల్లీసెకన్ల పాటు ఉలిక్కిపడేలా చేసి, కనీసం 60 మిల్లీఆంపియర్లు అదనంగా లాగుతుంది. ఆ చిన్న కుదుపే జవాబు. తయారీదారు ఎవరో చెప్పే 8వ సీవీని అడిగితే, సంస్థలకు ఒక్కో అంకె కేటాయించిన జాబితాలోంచి జవాబు రావాలి. ఆ జాబితాలో 13వ అంకె ఏ కంపెనీదీ కాదు. సొంతంగా చేసుకున్న డీకోడర్ల కోసమే దాన్ని కేటాయించారు.