కణాన్ని విడదీసిన యంత్రం, మళ్లీ కలిపిన గ్రాఫ్

రాయచూరు జిల్లాలో సింధనూరు, మాన్వి చుట్టుపక్కల తెలుగు రైతులు స్థిరపడిన క్యాంపుల్లో డెంగీ కాలం వస్తే అందరూ అడిగేది ఒకటే: "ప్లేట్‌లెట్లు ఎంతున్నాయి?" బాగా పడిపోయాయంటే రాయచూరు రిమ్స్ ఆసుపత్రికి పరుగు. ఆ అంకె చెప్పేది ల్యాబ్‌లోని కౌంటరు.

ఒకప్పుడు రక్తకణాల లెక్కంతా మనిషి కంటిదే. గాజు పలక మీద రక్తం పూసి, 1901లో వచ్చిన లీష్మన్ రంగు వేసి, మైక్రోస్కోపు కింద వంద తెల్లకణాలను రకాలవారీగా గుర్తు పెట్టుకునేవారు. అమెరికన్ వాలెస్ కూల్టర్ ఆ పద్ధతిని తిరగేశాడు. సిగరెట్ పెట్టె మీది సెల్లోఫేన్‌కు వేడి సూదితో బెజ్జం పెట్టి, కరెంటు పారే ఉప్పునీటిలో కణాలను దానిగుండా పంపాడని చెబుతారు. కణం దూరిన ప్రతిసారీ నిరోధం ఒక్క క్షణం పెరుగుతుంది. కణం ఎంత పెద్దదైతే అంత పెరుగుదల. పేటెంటు 1953లో వచ్చింది.

అద్భుతమే. కానీ బెజ్జానికి తెలిసింది పరిమాణం మాత్రమే. రక్తం గడ్డకట్టకుండా ట్యూబులో వేసే ఈడీటీఏ వల్ల కొందరి ప్లేట్‌లెట్లు గుంపుకడతాయి. యంత్రం ఆ గుంపులను ప్లేట్‌లెట్లుగా గుర్తించక తక్కువ అంకె చూపిస్తుంది. రోగికి లేని జబ్బు అంటగడుతుంది. డెంగీలో ఉబ్బిన లింఫోసైట్లనే తెల్లకణాలూ మరో రకమైన మోనోసైట్లలా భ్రమింపజేస్తాయి.

తర్వాత లేజరుతో కణాలను పరీక్షించే ఫ్లో సైటోమీటర్లు వచ్చాయి. పరిమాణం, లోపలి గరుకుదనం, పైపొర మీది ప్రొటీన్లు... ఒక్కో కణం ఒక అంకెల వరుస అయింది. ఆ వరుసలు దగ్గరగా ఉన్న కణాల మధ్య గీతలు గీస్తే అదే గ్రాఫ్. ఇక్కడ పొరుగంటే రక్తపు చుక్కలో పక్కన ఉండడం కాదు, కొలతల్లో పోలిక. 2009లో స్కార్సెల్లీ బృందం సమగ్రంగా వివరించిన గ్రాఫ్ న్యూరల్ నెట్‌వర్క్‌ను 2017లో కిప్ఫ్, వెల్లింగ్ తేలిక చేశారు: పెళ్లి సంబంధానికి ఇరుగుపొరుగును వాకబు చేసినట్టు, ప్రతి కణమూ తన పొరుగు కణాల అంకెలను తనవాటితో కలుపుకుంటుంది. నిపుణుడు కొన్ని కణాలకు పేరు పెడితే, మిగతావాటి రకాన్ని నెట్‌వర్క్ ఊహిస్తుంది.

నాకు ఇందులో నచ్చింది అనుమానపు కణాల విషయంలో వచ్చే తేడా. ఒంటరిగా అటూ ఇటూ కానిది, పొరుగును చూస్తే తేలిపోతుంది. భయమూ అక్కడే. వాకబు విడతలు పెంచుకుంటూ పోతే కణాలన్నీ సగటులో కరిగి ఒక్కలాగే కనిపిస్తాయి. అప్పుడు ముందుగా మాయమయ్యేది లుకేమియా తొలిదశలో కనిపించే పదో పరకో బ్లాస్టు (పక్వం కాని) కణాలే. అందుకే తరచూ రెండు మూడు విడతలతోనే ఆపేస్తారు. ఆ తర్వాతా తేలని కణం పెథాలజిస్టు మైక్రోస్కోపు కిందకు వెళ్లాల్సిందే.