ఇంజినుపైని ప్లాస్టిక్ మూత వేడిని పెంచునా?

వేసవిలో ఎండ 45 డిగ్రీలకు చేరు విజయవాడలో, గుణదలకు చేరువనున్న ఆటోనగరునకు మరమ్మతుకై వచ్చిన కారు బానెట్టు ఎత్తినంతనే కానవచ్చు నల్లని ప్లాస్టిక్ మూతను చూచి, ఇది వేడిని బంధించి ఇంజినును మాడ్చివేయదా యని బాలబాలికలు సందేహించుట సహజమే.

ఇంధనము దహించినప్పుడు జనించు ఉష్ణములో ఇంచుమించు మూడవవంతు మాత్రమే చక్రములను త్రిప్పు శక్తిగా పరిణమించును. మిగిలినదానిలో కొంత పొగగొట్టము గుండ వెడలిపోగా, కొంత ఇంజిను గోడలలో ప్రవహించు శీతలద్రవము గ్రహించి, రేడియేటరునకు గొనిపోయి గాలికి అప్పగించును. ఆ ద్రవము సుమారు 90 డిగ్రీలకు చేరువరకు థర్మోస్టాటను కవాటము రేడియేటరు దారిని మూసియుంచి, పిదప తెరచును. వేడి ఇంకను హెచ్చినచో ఫ్యాను తిరుగును. ఇంజిను పైభాగమునుండి నేరుగా గాలిలోనికి పోవు వేడి స్వల్పము గనుక, మూతను ఉంచినను తీసినను ద్రవపు ఉష్ణోగ్రత ఇంచుమించు మారదు.

అట్లని మూత ప్రభావము శూన్యమనరాదు. కారు ఆపిన పిదప ద్రవప్రవాహము నిలిచిపోవుటచే పైభాగమున వేడి కొంతసేపు నిలుచును. శబ్దమును అణచుటకై మూత యడుగున అంటించిన స్పాంజి ఆ వేడి చల్లారుటను మరికొంత జాగు చేయును.

కారు నిజముగా వేడెక్కినచో నేను మూతను నిందింపను. ద్రవపు మట్టమును, ఫ్యానును, రేడియేటరు రెక్కల నడుమ చిక్కిన ధూళిని, కోతలకాలపు పొట్టును ముందు చూడవలెనందును. వేడిగానున్న రేడియేటరు బిరడాను మాత్రము, పిల్లలారా, ఎన్నడును విప్పరాదు: ఒత్తిడిలోనున్న ద్రవము ఎగజిమ్మి ముఖమును, చేతులను కాల్చును.