దారి మూసిన దెవరు?

కంప్యూటరును కొని తెచ్చిననాటితో దాని నిర్మాణము ముగిసినదని తలపరాదు. దానిని నడపు ఆపరేటింగ్ సిస్టములో కోట్లకొలది ఆజ్ఞాపంక్తులు గలవు. అన్ని పంక్తులు వ్రాసినచోట లోపములు దొరలక తప్పవు. వానిలో కొన్ని, దొంగకు గోడలోని కన్నమువలె నుపయోగపడును. లోపము బయటపడినపుడు తయారుచేసినవారు దానిని పూడ్చు సవరణను తమ సర్వర్లయం దుంచుదురు. మన కంప్యూటరు ఇంటర్నెట్టు ద్వారా ఆ సర్వరును చేరి సవరణను తెచ్చుకొనును. దీనినే అప్‌డేట్ అందురు.

ఒక్కొక్కప్పు డీ రాకపోకలు నిలిచిపోవును. సర్వరును చేరలేదని తెరపై నొక మాట కనిపించును. చాలమంది దానిని మూసివేసి తమ పని తాము చూచుకొందురు. కంప్యూటరు మామూలుగనే నడచుచుండును గనుక, అపాయము తెలియదు. 2017 మార్చి 14వ తేదీన మైక్రోసాఫ్ట్ సంస్థ ఒక లోపమునకు సవరణ నిచ్చినది. మే 12వ తేదీన వాన్నాక్రై అను దుష్టప్రోగ్రాము ఆ లోపముగుండనే ప్రవేశించి, సవరణ నందుకొనని యంత్రములలోని ఫైళ్ళకు తాళము వేసి, ధనము కోరినది. బ్రిటనులోని ఆసుపత్రులకును, మన ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖలోని కొన్ని కంప్యూటర్లకును ఆ బాధ తప్పలేదు.

కావున దారి ఎక్కడ మూసికొన్నదో వెదకవలెను. ముందుగా ఇతర సైట్లు తెరచుకొనుచున్నవేమో చూడుడు. ఏదియు తెరచుకొననిచో లోపము తీగలోనో, రౌటరులోనో యుండును. చాల సైట్లు భద్రతను గూర్చి హెచ్చరించుచున్నచో గడియారమును చూడుడు. గడియారమునకును దీనికిని సంబంధ మేమని మీ రడుగవచ్చును. సర్వరు తానెవరో తెలుపుటకు ఒక ధ్రువపత్రమును చూపును. అది ఏ తేదీ మొదలు ఏ తేదీ వరకు చెల్లునో దానియందే యుండును. లోపలి నాణెమువంటి చిన్న బ్యాటరీ ఉడిగిపోయినచో, కంప్యూటరు కొన్ని సంవత్సరములు వెనుకకు పోయి మేల్కొనును. నేటి పత్రము దానికి ఇంకను పుట్టని పత్రముగా తోచును, తిరస్కరించును. కొలది రూపాయల బ్యాటరీ యెంత పని చేయును!

ఇతర సైట్లన్నియు చక్కగా తెరచుకొని, అప్‌డేట్ సర్వరు మాత్రమే అందకున్నచో, అప్పుడు గట్టిగా అనుమానింపవలెను. 2008 అక్టోబరు 23వ తేదీన మైక్రోసాఫ్ట్ ఒక సవరణ నిచ్చినది. నవంబరులోనే, దానిని వేసికొనని యంత్రములలోనికి కాన్‌ఫికర్ అను పురుగు ప్రవేశించినది. అది మిక్కిలి జిత్తులమారి. పిమ్మట వచ్చిన దాని రూపములు అప్‌డేట్ సేవను ఆపివేయును. అంతియ గాక అవి, మనము కోరిన సైటు పేరులో మైక్రోసాఫ్ట్ పేరుగాని, వైరసు నిరోధక సంస్థల పేరుగాని యున్నచో ఆ కోరికను సాగనీయవు. తక్కిన పేర్లకు అడ్డులేదు. అందుచేత యజమానికి అంతయు బాగుగనే యున్నట్లుండును. 2009లో నిపుణులు దీనిని పట్టుటకు కంటివైద్యుని పలకవంటి ఒక పుటను సిద్ధపరచిరి. అందు కొన్ని బొమ్మలు భద్రతా సంస్థల సైట్లనుండియు, కొన్ని ఇతర సైట్లనుండియు వచ్చును. మొదటివి మాత్రమే కనబడకున్నచో పురుగు చేరినట్లే.

అడ్డంకికి పురుగే కారణము కానక్కరలేదు. పేరునకు తగిన అంకెల చిరునామాను విండోస్ మొదట హోస్ట్స్ అను తన చిన్న ఫైలులో చూచుకొనును. అందు అప్‌డేట్ సర్వరు పేరునకు తప్పు చిరునామా వ్రాసియున్నచో, కంప్యూటరు అచ్చటికి చేరకపోవచ్చును. అప్‌డేట్లు విసుగు పుట్టించినవని యజమానియే యెప్పుడో వ్రాసి మరచిపోయిన సందర్భములును కలవు! కార్యాలయములలోను, పాఠశాలలలోను ఫైర్‌వాల్ అడ్డు కావచ్చును. అట్టిచోట గోడను కూల్చరాదు. దానిని చూచువారికి చెప్పి, ఆ ఒక్క వాకిలి తెరపించుకొనవలెను.

ఎట్లును దారి దొరకనిచో, ఆరోగ్యముగల మరియొక కంప్యూటరులో సవరణను దింపి పెన్‌డ్రైవులో తేవచ్చును. అయితే కాన్‌ఫికర్ పెన్‌డ్రైవుల ద్వారా కూడ వ్యాపించినది. కనుక రోగి యంత్రమునకు తగిలించిన పెన్‌డ్రైవును పరీక్షింపక మరల ఆ రెండవ యంత్రమునకు తగిలింపరాదు.