మా కారుకి వచ్చిన జ్వరం

కారు కొనబోయేవాడికి సలహా చెప్పేవాళ్లు వీధికి పదిమంది దొరుకుతారు. కొన్న కారు నడివీధిలో ఆగిపోతే తోసిపెట్టేవాళ్లు కూడా, పాపం, దొరక్కపోరు. ఈ రెంటికీ మధ్య ఒక ఘట్టం ఉంది. దాన్నే రిపేరు అంటారు. అక్కడ మాత్రం మనిషి ఒంటరివాడు సుమండీ!

నేను లెక్కల మేష్టార్ని. విజయవాడ సత్యనారాయణపురంలో కాపరం. ముప్పై ఏళ్లుగా పిల్లల చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతున్నది ఒక్కటే మాట: “ఒట్టి జవాబు రాస్తే లాభం లేదురా, స్టెప్పులు కావాలి!” స్టెప్పులు లేకపోతే, జవాబు ఒప్పయినా సరే, నిర్దాక్షిణ్యంగా సున్న చుట్టినవాణ్ణి. అటువంటి నేను, స్టెప్పులు లేని తప్పు జవాబుకి అక్షరాలా ముప్పైవేల రూపాయలు సమర్పించుకున్నాను. ఆ వైనం చెబితే తోటి సంసారులకి పనికొస్తుందేమోనని ఇది రాస్తున్నాను.

మేష్టారికి కారేమిటని మీరు అడగవచ్చు. మా అమ్మకి డెబ్బై ఎనిమిదేళ్లు. మోకాళ్లు ఆమె మాట వినడం మానేసి చాలాకాలమైంది. ఆటో ఎక్కించాలంటే ఇద్దరు పట్టుకోవాలి. ఇక బస్సు మాట సరేసరి. అందుకని మూడేళ్ల కిందట లక్షా అరవైవేలు పోసి 2012 మోడలు చిన్న పెట్రోలు కారొకటి సెకండ్‌హ్యాండులో కొన్నాను. ఆ కారులో ఒకే ఒక్క నియమం, ఏసీ వెయ్యకూడదు. అమ్మకి ఆ చలిగాలి పడదు. “దేవుడిచ్చిన గాలి ఉండగా ఇదెందుకురా?” అంటుంది. ఈ ఏసీ సంగతి కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

కిందటి కార్తీక మాసంలో అమ్మ కుడికంట్లో శుక్లం ముదిరిందనీ, ఆపరేషను చెయ్యాలనీ డాక్టరుగారు చెప్పారు. ఎడమకంటి చూపు అంతకుముందే అంతంతమాత్రం. మా ఆవిడ చీటీపాట డబ్బు ముప్పైరెండు వేలు ఇందుకోసమని బీరువాలో విడిగా పెట్టింది. ఆపరేషనుకి ముందు మంగళగిరి వెళ్లి, కొండకింద నరసింహస్వామి దర్శనం చేసుకుని వస్తానంది అమ్మ. సరే, ఒక ఆదివారం పొద్దున్నే అందరం బయల్దేరాం.

బెంజి సర్కిల్ దగ్గర వాహనాలన్నీ ఇరుక్కుపోయాయి. పది నిముషాలు ఆగామో లేదో, స్టీరింగు ముందున్న వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది. ముందు మూత సందుల్లోంచి గుప్పున ఆవిరి! మా ఆవిడ కెవ్వున అరిచింది. “ఏం మాడిందిరా?” అంది అమ్మ. మంగళగిరి ప్రయాణం బెంజి సర్కిల్లోనే ముగిసింది.

మా వీధి చివర ఒక గ్యారేజీ ఉంది. దాని యజమాని ఇంజను మీద చెయ్యి పెట్టి, రెండు నిముషాలు చూసి, “రేడియేటర్ పోయింది మేష్టారూ,” అన్నాడు. “ఎలా తెలిసింది?” అన్న ప్రశ్న నా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ చుట్టూ నలుగురు కుర్రాళ్లు. ఇంత వయసొచ్చి కారుంచుకుని ఆ మాత్రం తెలియదా అనుకుంటారేమోనని సిగ్గేసి, అంతా తెలిసినవాడిలా తల పంకించాను. ఆ తల పంకింపు ఖరీదు ఆరువేలు.

మర్నాడు పనిమీద ఏలూరు వెళ్లి వచ్చాం. ముల్లు కదల్లేదు. “చూశావా, రోగం కుదిరింది!” అని మా ఆవిడ దగ్గర మీసం మెలేశాను. మూడోనాడు కాళేశ్వరరావు మార్కెట్టు దగ్గర మళ్లీ ఆవిరి. ఈసారి “వాటర్ పంపు” అన్నాడు. నాలుగువేల ఐదువందలు. మళ్లీ రోడ్డు మీద నాలుగురోజులు చక్కగా తిరిగింది, మళ్లీ ఊళ్లో పొంగింది. మూడోసారి అతను మొహం గంభీరంగా పెట్టి, “హెడ్ గాస్కెట్ పోయింది మేష్టారూ. ఇంజను విప్పాలి,” అన్నాడు. పెద్ద డాక్టరు ఎక్స్‌రే పటం దీపానికెత్తి చూసి నిట్టూర్చినట్టే ఉంది ఆ తీరు. పందొమ్మిదివేల ఐదువందలు!

“బిల్లు ఇస్తావా?” అన్నాను. “ఇస్తానండీ, పద్దెనిమిది శాతం జీఎస్టీ పడుతుంది మరి,” అన్నాడు. లెక్కల బుర్ర కదా, మూడున్నరవేలు మిగిలాయని సంబరపడి, బిల్లు వద్దులే అన్నాను. ఈ పాపంలో నా వాటా ఎంతో దాచుకోవడం నాకిష్టం లేదు.

మొత్తం ముప్పైవేలు. బీరువాలో మిగిలింది రెండువేలు. ఆపరేషను సంక్రాంతి తర్వాతకి వాయిదా పడింది. “నా కన్నుకేం తొందర, ఎక్కడికి పోతుంది?” అని అమ్మే నాకు ధైర్యం చెప్పింది. ఆ రెండు నెలలూ ఆవిడ గుమ్మాలు తడుముకుంటూ నడిచింది. పండగనాడు మా అమ్మాయి కొత్త పరికిణీ కట్టుకుని వచ్చి కాళ్లకి దణ్ణం పెడితే, పక్కింటి పిల్ల పేరు పెట్టి దీవించింది. మా అమ్మాయి నవ్వేసింది గాని, మా ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ పూట నాకు అరిసె మింగుడుపడలేదు.

గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, కనుమ మర్నాడు కారు మళ్లీ పొంగింది.

ఇంటికొచ్చి అరుగుమీద చతికిలబడ్డాను. అమ్మ పక్కన కూచుని నెమ్మదిగా అడిగింది: “ఒరే, అసలు అదెందుకు కాగుతోందో వాడు చెప్పాడా?”

“రేడియేటర్ మార్చాడమ్మా, పంపు మార్చాడు...”

“ఏం మార్చాడో కాదురా నేనడిగింది. ఎందుకు కాగుతోందో చెప్పాడా?”

నా దగ్గర జవాబు లేదు.

“పోనీ, తీసేసిన సామాన్లేవి?”

అవీ లేవు.

“నీ చిన్నప్పుడు కళాయి వేసేవాడు వీధిలోకి వస్తే నేనేం చేసేదాన్నో గుర్తుందా? గిన్నె ఇచ్చి లోపలికి పోయేదాన్నా? ఈ అరుగుమీదే కూచుని, ముందు నీళ్లు పోయించి చిల్లి ఉందో లేదో చూసి, తోమించి, అప్పుడు కళాయి వేయించుకునేదాన్ని. వాడి పని నాకేం తెలుసు? అడగడం తెలుసు, అంతే. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. మెకానిక్కు పెడతాడట్రా?”

ముప్పై ఏళ్లు నేను పిల్లలకి చెప్పిన పాఠం, మా అమ్మ నాకు మూడు నిముషాల్లో అప్పజెప్పింది.

మర్నాడు తెల్లవారుజామున, రోడ్లు ఖాళీగా ఉండగానే, కారు ఆటోనగర్‌కి తోలుకెళ్లాను. అక్కడ ఒక రేకుల షెడ్డులో వయసు మళ్లిన మేస్త్రి ఒకాయన ఉన్నాడు. ఆయన కారుని ముట్టుకోలేదు. ముందు స్టూలు వేసి నన్ను కూచోమన్నాడు.

“ఎప్పుడు కాగుతోంది మేష్టారూ? పరిగెత్తేటప్పుడా, నిలబడ్డప్పుడా?”

మూడు నెలల్లో నన్ను ఈ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయనే. ఆలోచించి చూస్తే అంతా బెంజి సర్కిల్లోనూ, మార్కెట్టులోనూ. ఏలూరు రోడ్డు మీద ఒక్కసారీ కాదు. ఆ మాటే చెప్పాను.

“ఇంజను ఆన్ చేసి ఏసీ వెయ్యండి.”

వేశాను. ఆయన చెవి ఒగ్గి విని నవ్వాడు. “ఏమైనా వినపడుతోందా?”

“లేదే!”

“వినపడాలి. మీ బండిలో ఏసీ వేస్తే రేడియేటర్ ఫ్యాను తిరగాలి. తిరగడం లేదు.”

అప్పుడు ఆయన చెప్పిన పాఠం ఇది. ఇంజను వేడిని నీళ్లు మోసుకొచ్చి రేడియేటర్లో దింపుతాయి. బండి పరిగెత్తుతుంటే ఎదురుగాలే దాన్ని చల్లారుస్తుంది. బండి నిలబడితే ఆ గాలి ఉండదు గనక, వెనకనున్న ఫ్యాను విసరాలి. ఫ్యాను పనిచెయ్యకపోతే రోడ్డు మీద కులాసా, ట్రాఫిక్‌లో జ్వరం. ప్రతి రిపేరు తర్వాతా నాకు రోగం కుదిరినట్టు కనిపించింది ఇందుకే. కుదిర్చింది రిపేరు కాదు, ఏలూరు రోడ్డు మీది గాలి! ఇంట్లో ఎవరం ఏసీ వెయ్యం కాబట్టి, ఫ్యాను మూగబోయిన సంగతి మేమూ కనిపెట్టలేదు.

మేస్త్రి ఫ్యాను తీగ తిన్నగా బ్యాటరీకి తగిలించాడు. ఫ్యాను గిర్రున తిరిగింది. అంటే మోటారు బాగానే ఉంది. తర్వాత హారన్ తాలూకు రిలే పీకి, ఫ్యాను రిలే ఉన్నచోట గుచ్చాడు. మళ్లీ తిరిగింది. రిలే అంటే అగ్గిపెట్టెలో సగముండే నల్లటి స్విచ్చు. పోయింది అదీ! కొత్తది మూడువందల యాభై, ఆయన కూలి రెండువందలు. వెరసి ఐదువందల యాభై. నేను అడక్కుండానే పాత రిలే నా చేతిలో పెట్టాడు.

తిరుగుదారిలో మొదటి గ్యారేజీ దగ్గర ఆగి, ఆ రిలే చూపించాను. యజమాని దాన్ని అటూ ఇటూ తిప్పి, కాసేపు మాట్లాడలేదు. “పాత సామాన్లేవి?” అంటే పాతసామాన్లవాడు పట్టుకుపోయాడన్నాడు. ఆ గాస్కెట్ నిజంగా పోయిందో లేదో తేల్చే ఆధారం ఆ మూటలోనే పోయింది. చివరికి, “ఈసారి సర్వీసింగు ఉచితంగా చేస్తాను మేష్టారూ,” అన్నాడు. ఉచితం అన్నమాట వినగానే గుండె దడదడలాడి, నమస్కారం పెట్టి వచ్చేశాను.

అతన్ని దొంగ అనడానికి నాకు మనసు రాదు. వాకిట్లో పది బండ్లు కాచుకుని ఉంటే, కారణం వెతకడం కంటే సామాను మార్చడం త్వరగా అయిపోతుంది. పైగా సామానుకైతే మనం డబ్బిస్తాం. వెతికినందుకు కూలి అడిగితే “ఊరికే చూసినందుకా?” అంటాం. ఆ అలవాటు మనదే. ఇప్పుడు నేను ముందే చెబుతున్నాను, “కారణం కనిపెట్టు, అందుకు విడిగా కూలి ఇస్తాను,” అని.

చట్టం మన వైపు లేకపోలేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చింది. పని చేసి డబ్బు పుచ్చుకుని బిల్లు ఇవ్వకపోవడాన్ని అది అక్రమ వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. పనిలో లోపముంటే రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపయితే ఫీజు లేదు, ప్లీడరుని పెట్టుకోవాలన్న నిర్బంధమూ లేదు. 1915 నంబరుకి ఫోను చేస్తే జాతీయ హెల్ప్‌లైన్‌వారు దారి చెబుతారు. అన్నీ ఉన్నాయి, నా చేతిలో బిల్లే లేదు. మూడున్నరవేలు మిగుల్చుకున్న తెలివికి అది ఫలితం.

అందుకని ఇప్పుడు మా ఇంట్లో కొత్త నియమాలు వచ్చాయి. ఎప్పుడు, ఎక్కడ, ఎలా చెడిందో కాగితం మీద రాసుకుని మరీ వెళ్లాలి. ఎందుకు చెడిందో చెప్పాకే సామాను సంగతి. ఖర్చు అంచనా ముందే రాయించుకోవాలి, అంచనా దాటితే ఫోను చేసి అడగమనాలి. పాత సామాను చేతికి రావాలి. బిల్లు పుచ్చుకోవాలి. ఇంకొకటి, బండి కాగితే వెంటనే పక్కకి తీసి ఇంజను ఆపాలి. రేడియేటర్ మూత మాత్రం చల్లారేదాకా ముట్టుకోకూడదు. లోపల ఒత్తిడి మీద ఉన్న నీళ్లు నూరు డిగ్రీలు దాటి ఉంటాయి. మూత తిప్పితే మొహం మీదికి చిమ్ముతాయి.

మాఘంలో మళ్లీ చీటీ పాడి, అమ్మకి ఆపరేషను చేయించాం. కట్టు విప్పిన రోజు ఇంటికి తీసుకొస్తున్నాను. నల్లద్దాలు పెట్టుకుని ముందు సీట్లో కూచుంది. బెంజి సర్కిల్లో షరామామూలుగా అన్నీ ఆగిపోయాయి. నా చూపు భయంభయంగా ముల్లు వైపు పోతోంది. ఇంతలో లోపల ఫ్యాను గుర్రుమని అందుకుంది.

అమ్మ నల్లద్దాలు కాస్త పైకెత్తి, ముందుకి వంగి చూసింది.

“భయపడకురా,” అంది, “ముల్లు నడిమధ్యనే ఉంది.”