ప్లగిన్ పోయినా అక్షరం మిగలాలి

మా నాన్నగారు సింధనూరు వైపు మా క్యాంపులో గుడి కమిటీకి చాలా ఏళ్లు లెక్కలు రాశారు. ఎవరు ఎన్ని బస్తాల వడ్లు ఇచ్చారు, ధ్వజస్తంభానికి ఎవరు ఎంత వేశారు, ఏ కుటుంబం ఏ ఊరి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడింది, అన్నీ అందులో ఉన్నాయి. ఇరవై ఏళ్ల కిందట ఆ పుస్తకాలను ఒక డీటీపీ షాపులో టైపు చేయించి సీడీలో పెట్టించారు. ఆ తర్వాత పుస్తకాలు చెదలు పట్టి పోయాయి. సీడీ ఉంది కదా అని అందరం ధైర్యంగా ఉన్నాం.

మొన్న ఆ ఫైలు తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు. స్క్రీను నిండా ఇంగ్లిషు అక్షరాలు, కొక్కేలు, చుక్కలు. వైరస్ అనుకున్నాం, కాదు. ఫైలు చెడిపోలేదు. దాన్ని తెలుగుగా చూపించే పాత ఏర్పాటు ఇప్పటి కంప్యూటర్లో లేదు, అంతే.

ఈ ఇబ్బంది మా ఒక్క ఇంటిది కాదు. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లతో పాటు వచ్చి సింధనూరు, మాన్వి, గంగావతి వైపు క్యాంపులు కట్టుకున్న కుటుంబాలు, అంతకు ఎన్నో తరాల ముందు నుంచే రాయచూరులో ఉన్న కుటుంబాలు, సంఘాల కాగితాలు, పెళ్లి పత్రికలు, వంశవృక్షాలు ఇలాగే దాచుకున్నాయి. అందుకే ఈసారి ప్లగిన్ల గురించి రాస్తున్నాం. వాటిని ఎలా పెట్టుకోవాలి, ఎలా అదుపులో ఉంచుకోవాలి, ఎంతవరకు నమ్మాలి అన్నది చూద్దాం.

ప్లగిన్ అంటే ఏమిటి?

ట్రాక్టరుకు నాగలి తగిలిస్తే దున్నుతుంది, ట్రాలీ తగిలిస్తే బరువు లాగుతుంది. ఇంజిను ఒకటే. కంప్యూటర్లో ప్లగిన్ కూడా అలా తగిలించుకునే పనిముట్టే. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ లాంటి బ్రౌజర్లకు తగిలించేదాన్ని ఎక్స్‌టెన్షన్ అనీ, యాడ్ఆన్ అనీ అంటారు. లిబ్రేఆఫీస్ లాంటి రాత సాఫ్ట్‌వేర్లకు కూడా ఇలాంటివి ఉంటాయి. తెలుగులో టైపు చేయడానికి, పేజీని అనువదించడానికి, ప్రకటనలు ఆపడానికి మన ఇళ్లలో వాడేవి ఎక్కువగా ఇవే.

తగిలించుకున్నది ఎప్పుడో ఒకప్పుడు ఊడిపోతుంది కూడా. ఒకప్పుడు బ్రౌజర్లో వీడియోలు, ఆటలు నడవాలంటే ఫ్లాష్ ప్లేయర్ తప్పనిసరి. అడోబీ సంస్థ 2020 డిసెంబరు 31తో దాన్ని ఆపేసింది. దాని మీదే ఆధారపడ్డ వెబ్ పేజీలు ఆ తర్వాత మూగపోయాయి.

పద్మ చెప్పే పాఠం

తెలుగువాళ్లకు ఈ విషయంలో సొంత అనుభవమే ఉంది. 2000 తర్వాతి సంవత్సరాల్లో ఈనాడుతో సహా తెలుగు దినపత్రికల వెబ్‌సైట్లు ఎవరి ఫాంటు వారు వాడేవి. ఆ పద్ధతిలో ఫైలులో ఉండేది నిజానికి ఇంగ్లిషు అక్షరాల సంకేతాలే. వాటి మీద తెలుగు బొమ్మలు గీసిన ఫాంటు ఉంటే తెలుగు కనిపించేది, లేకపోతే పిచ్చి గీతలు కనిపించేవి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో పేజీతో పాటే ఫాంటు దిగేది కాబట్టి చదవగలిగేవాళ్లం. ఫైర్‌ఫాక్స్‌లో, లినక్స్‌లో కుదిరేది కాదు. గూగుల్‌లో వెతికినా ఆ వార్తలు దొరికేవి కావు, ఎందుకంటే యంత్రం దృష్టిలో అది తెలుగే కాదు.

ఆ దశకం మధ్యలో నాగార్జున వెన్న ఫైర్‌ఫాక్స్ కోసం ‘పద్మ’ అనే ఎక్స్‌టెన్షన్ రాశారు. దాని దగ్గర ఒక్కొక్క ఫాంటుకు ఒక్కొక్క పట్టిక ఉండేది. ఈ ఫాంటులో ఈ సంకేతం ఉంటే అది ఫలానా తెలుగు ముక్క అని అందులో ఉంటుంది. పేజీ తెరవగానే పద్మ ఆ ముక్కలను గుర్తుపట్టి, వరుస సరిచేసి, అసలైన తెలుగు యూనికోడ్‌గా మార్చేది. తెలుగుతో మొదలై తర్వాత తమిళం, మలయాళం వంటి ఇతర భాషల ఫాంట్లకూ అది పనికొచ్చింది.

వరుస సరిచేయడం చిన్న పనేమీ కాదు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరమే తీసుకోండి. యూనికోడ్‌లో అది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. పాత ఫాంట్లలో అదే అక్షరం కొన్ని బొమ్మ ముక్కల పేర్పు. ఏ ముక్క ముందు, ఏది వెనుక అన్నది ఫాంటు తయారుచేసినవారి ఇష్టం.

పద్మ ఎంత మంచిదైనా, ఫైర్‌ఫాక్స్ 2017 నవంబరు 14న 57వ వెర్షన్ విడుదల చేసి, పాత పద్ధతిలో రాసిన ఎక్స్‌టెన్షన్లన్నిటినీ నడపడం మానేసింది. పద్మ ఆ పాత పద్ధతిలో రాసినదే. ఆ సంస్థకు తెలుగు మీద కోపమేమీ లేదు. భద్రత, వేగం కోసం ఇంటి పునాదే మార్చారు, పాత గూళ్లలో పెట్టినవన్నీ పోయాయి. 2024, 2025లో క్రోమ్ కూడా తన నియమాలు మార్చినప్పుడు లక్షల మంది వాడే కొన్ని పాత ఎక్స్‌టెన్షన్లు ఆగిపోయాయి.

ఇందులో మనకు కావలసిన పాఠం ఒకటే. పద్మ సాయంతో యూనికోడ్‌లోకి మార్చి దాచుకున్న పేజీలు ఈ రోజుకీ తెలుగుగానే ఉన్నాయి. మార్చకుండా, పద్మ ఉందిలే అనుకుని పాత ఫాంటులోనే వదిలేసినవి మళ్లీ పిచ్చి గీతలయ్యాయి. ప్లగిన్ దారి చూపాలి, అంతే. రాత మాత్రం దాని సాయం లేకుండా తనంతట తాను నిలబడాలి.

పెట్టుకునే ముందు

మొదటి ప్రశ్న: అసలు అవసరమా? తెలుగు టైపింగు కోసం ఇప్పుడు చాలామందికి ప్లగిన్ అక్కర్లేదు. విండోస్ 10కు 2019 మే నెలలో వచ్చిన అప్‌డేట్ నుంచి తెలుగు, కన్నడ ఫొనెటిక్ కీబోర్డులు దానిలోనే ఉన్నాయి. సెట్టింగ్స్‌లో భాష కింద తెలుగు చేర్చుకుంటే చాలు. ఇంట్లో ఉన్న పనిముట్టు వదిలి పక్కింటికి పోనక్కర్లేదు.

అవసరమే అనుకుంటే, బ్రౌజరు సొంత స్టోరు నుంచి మాత్రమే తీసుకోండి. క్రోమ్‌కు క్రోమ్ వెబ్ స్టోర్, ఫైర్‌ఫాక్స్‌కు దాని యాడ్ఆన్స్ పేజీ. ‘ఇక్కడ నొక్కితే తెలుగు వస్తుంది’ అని ఎక్కడో కనిపించే బటన్లు నొక్కకండి. పేరొక్కటే చూస్తే చాలదు, తయారుచేసింది ఎవరో, చివరిగా ఎప్పుడు అప్‌డేట్ చేశారో చూడండి. మంచి పేరున్న ఎక్స్‌టెన్షన్ లాంటి పేరుతోనే నకిలీలు ఉంటాయి.

తర్వాత అనుమతుల పెట్టె వస్తుంది. మనలో చాలామంది చదవకుండా నొక్కేసేది ఇదే. ‘అన్ని వెబ్‌సైట్లలో మీ డేటాను చదవగలదు, మార్చగలదు’ అని అందులో ఉంటే, మీరు ఆ బ్రౌజర్లో చూసే పహణీ, బ్యాంకు ఖాతా, రాసే పాస్‌వర్డు దాకా అది చూడగలదని అర్థం. పేజీని మార్చే పని చేసే ప్లగిన్‌కు కొంత అనుమతి కావాలి, నిజమే. కానీ కేవలం గడియారం చూపించేది కూడా ఇదే అడిగితే వద్దనేయండి.

పెట్టుకున్నాక

ఒకసారి నమ్మితే ఎప్పటికీ నమ్మవచ్చని కాదు. క్రోమ్‌లో ‘ద గ్రేట్ సస్పెండర్’ అనే ఎక్స్‌టెన్షన్‌ను దాదాపు ఇరవై లక్షల మంది వాడేవారు. 2020లో దాని యాజమాన్యం చేతులు మారింది. 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని హానికరమైనదిగా గుర్తించి తొలగించింది. వాడేవారు కొత్తగా ఏమీ పెట్టుకోలేదు. ఉన్నదే అప్‌డేట్ పేరుతో లోపల మారింది. కౌలుకిచ్చిన పొలాన్ని ఏడాదికోసారైనా చూసి వచ్చినట్టు వీటినీ చూసుకుంటూ ఉండాలి.

క్రోమ్‌లో కుడివైపు పైన మూడు చుక్కలు నొక్కి, ఎక్స్‌టెన్షన్స్‌లోకి వెళ్లి, మేనేజ్ ఎక్స్‌టెన్షన్స్ తెరవండి. ఫైర్‌ఫాక్స్‌లో మూడు గీతలు నొక్కితే యాడ్ఆన్స్ కనిపిస్తాయి. అక్కడ ఇవి చేయండి:

– ఆరు నెలలుగా వాడనివాటిని తీసేయండి. ‘ఉంటే ఏం పోయింది’ అనుకోవద్దు.

– అప్పుడప్పుడు మాత్రమే వాడేదాని స్విచ్ ఆపి పెట్టండి. కావలసినప్పుడు వేసుకోవచ్చు.

– క్రోమ్‌లో ఒక్కొక్క ఎక్స్‌టెన్షన్ వివరాల్లోకి వెళితే, దాన్ని అన్ని సైట్లలో కాకుండా ‘నొక్కినప్పుడు మాత్రమే’ పనిచేసేలా పెట్టవచ్చు. ఈ ఒక్క మార్పుతో చాలా భయం తగ్గుతుంది.

– ఏదైనా ఎక్స్‌టెన్షన్ ఉన్నట్టుండి కొత్త అనుమతి అడిగితే వెంటనే ఒప్పుకోకండి. ఎందుకో ఆలోచించండి.

– ఒక వెబ్‌సైటు సరిగా తెరుచుకోకపోతే అన్ని ఎక్స్‌టెన్షన్లూ ఆపి చూడండి. అప్పుడు తెరుచుకుంటే, ఒక్కొక్కటే మళ్లీ వేస్తూ పోండి. తప్పు ఎక్కడుందో దొరుకుతుంది.

బ్యాంకు పనికి క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో కిటికీ వాడటం మంచి అలవాటు. మనం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప అక్కడ ఎక్స్‌టెన్షన్లు నడవవు. జెరాక్స్ షాపులో, సైబర్ సెంటరులో కంప్యూటరు వాడవలసి వస్తే అక్కడి బ్రౌజరుకు మీ గూగుల్ ఖాతా తగిలించి సింక్ వేయకండి. సింక్ ఉంటే ఒకచోట పెట్టిన ఎక్స్‌టెన్షన్ మరోచోటికీ వస్తుంది.

ఫోన్లో మరింత జాగ్రత్త

మన ఇళ్లలో పెద్దలకు కంప్యూటరు కన్నా ఫోనే దగ్గర. ఆండ్రాయిడ్ ఫోన్లోని క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు ఉండవు, ఫైర్‌ఫాక్స్‌లో ఉంటాయి. ఫోన్లో ప్లగిన్ లాంటి పని చేసేది ముఖ్యంగా కీబోర్డు యాప్. కొత్త కీబోర్డు పెట్టగానే ‘మీరు టైపు చేసేదంతా, పాస్‌వర్డులతో సహా, ఇది సేకరించగలదు’ అని ఫోనే హెచ్చరిస్తుంది. అది ఊరికే అనే మాట కాదు. ఫోనుతో వచ్చిన జీబోర్డు లాంటిదానిలో తెలుగు, కన్నడ రెండూ ఉంటే ఇంకొకటి ఎందుకు?

వాట్సాప్‌లో పెళ్లి పిలుపు పేరుతోనో, రైతులకు డబ్బు వస్తుందనో ఏపీకే ఫైలు వస్తే, తెలిసినవాళ్ల నంబరు నుంచి వచ్చినా సరే తెరవకండి. వాళ్ల ఫోనే ఎవరి చేతిలోనో ఉండవచ్చు. పొరపాటున పెట్టేసి డబ్బు పోతే గంటలు లెక్కపెట్టకుండా 1930కి ఫోన్ చేయండి. దేశమంతటికీ సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు అదే.

పాత ఫైళ్లను ఇప్పుడే మార్చుకోండి

మీ దగ్గరి ఫైలు యూనికోడా కాదా తెలుసుకోవడం తేలిక. అందులోని ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో ఇంకొకరికి పంపండి. అవతల తెలుగుగా కనిపిస్తే యూనికోడే. ఇంగ్లిషు ముక్కలు కనిపిస్తే పాత ఫాంటు. డీటీపీ షాపుల్లో ఎక్కువగా వాడిన అను ఫాంట్లు ఈ కోవలోవే. కన్నడంలో నుడి, బరహ పాత ఫైళ్లదీ ఇదే కథ, కాబట్టి మన కన్నడ ఇరుగుపొరుగుకూ ఈ మాట చెప్పండి.

మార్చే పద్ధతి ఇది. అసలు ఫైలు ముట్టుకోకుండా ఒక నకలు తీసుకోండి. ఫాంటు పేరు ఏమిటో రాత సాఫ్ట్‌వేరులోని ఫాంటు పెట్టెలో చూడండి. ఆ పేరును బట్టి మార్పిడి సాధనం ఎంచుకోండి. ఈమాట పత్రికవారు ఇలాంటి మార్పిడి పేజీ నడిపారు, డీటీపీ చేసేవారి దగ్గరా సాధనాలు ఉంటాయి. మార్చాక తప్పనిసరిగా చదివి సరిచూడండి. ఒత్తులు, అంకెలు, ఇంటిపేర్లు తప్పిపోయేది ఇక్కడే. మా ఫైలులో ఇంటిపేర్లు సరిచేసింది కంప్యూటరు కాదు, మా అమ్మ. ఆమెకు ఆ కుటుంబాలన్నీ తెలుసు. తెలిసినవాళ్లు ఉండగానే ఈ పని చేయాలి.

ఇంకో లాభం ఉంది. మన పిల్లలు చాలామంది కన్నడ మీడియంలో చదువుతున్నారు. తెలుగు మాట్లాడతారు, లిపి రాదు. యూనికోడ్‌లో తెలుగు, కన్నడ పక్కపక్క ఇళ్లు. తెలుగు ‘క’ సంఖ్య 3093, కన్నడ ‘క’ సంఖ్య 3221. తేడా 128. చాలావరకు అక్షరాలన్నిటికీ ఇదే తేడా. అందువల్ల యూనికోడ్‌లో ఉన్న తెలుగు రాతను యంత్రం క్షణంలో కన్నడ లిపిలో చూపగలదు. పాత ఫాంటులో చిక్కుకున్న రాతకు ఆ అవకాశం లేదు.

మా ఫైలులో ఇప్పటికి సగం పేజీలు మారాయి. కన్నడ లిపిలోకి మార్చిన ఒక పేజీని మా అమ్మాయికి ఇస్తే తాతగారి లెక్కలు గడగడా చదివింది. ‘వీళ్లంతా మన క్యాంపువాళ్లేనా?’ అని అడిగింది. మిగిలిన సగం పూర్తి చేయడానికి ఆ ప్రశ్న చాలు.