ఆటల పీరియడ్ ఎవరి కోసం?

జూన్‌లో బడి తెరిచిన రెండు మూడు నెలలకే మండల స్థాయి పోటీల కబురు వస్తుంది. చాలా హైస్కూళ్లలో ఆటల సంగతి గట్టిగా గుర్తొచ్చేది అప్పుడే. పీఈటీ సారు తొమ్మిది, పది తరగతులకు వెళ్లి, నిరుడు ఆడినవాళ్లను, కాస్త ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్లను లేపి కబడ్డీకో జట్టు, ఖోఖోకో జట్టు సిద్ధం చేస్తారు. వారం పది రోజులు ప్రాక్టీసు. ఓడితే ఆ ఏడాదికి ఆటలు అయిపోయినట్టే. గెలిస్తే ఆ జట్టులోని పన్నెండు మందికీ జిల్లా దాకా ప్రయాణం. మిగిలిన నాలుగైదు వందల మంది వంతు చప్పట్లు కొట్టడమే.

ఇందులో పీఈటీని తప్పుపట్టడానికి లేదు. ఈ బడిలో ఆటలు దేనికోసం, ఏడాది చివరికి పిల్లల్లో ఏ మార్పు కనపడాలి అని ఆయనకు ఎవరూ చెప్పలేదు, ఆయన్ను ఎవరూ అడగనూ లేదు. లెక్కల మాస్టారికి సిలబస్ ఉంది, పరీక్ష ఉంది. ఆటలకు ఉన్న ఏకైక కొలమానం కప్పు. దాంతో కప్పే లక్ష్యమైపోయింది.

నిజానికి బడి ఆటలకు రెండు వేర్వేరు పనులున్నాయి. ఒకటి ప్రతిభ ఉన్న పిల్లలను పైమెట్టుకు పంపడం. 1954లో ఏర్పడిన స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా అండర్-14, అండర్-17, అండర్-19 విభాగాల్లో జరిపే జాతీయ పోటీలకు మండలం, జిల్లా, రాష్ట్రం మీదుగా దారి ఉంది. ఆ దారిలో చివరిదాకా వెళ్లేది గుప్పెడు మందే. రెండో పని ప్రతి పిల్లకూ, పిల్లాడికీ ఒళ్లు వంచే అలవాటు నేర్పడం. 5 నుంచి 17 ఏళ్ల లోపు వాళ్లు రోజుకు సగటున 60 నిమిషాలైనా చెమట పట్టేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2016 నాటి లెక్కల ప్రకారం ప్రపంచంలో 11-17 ఏళ్ల పిల్లల్లో 81 శాతం మంది అంతమాత్రం కూడా కదలడం లేదు. ఈ రెండు పనులనూ ఒకే పీరియడ్‌లో కలిపేసి, ఏది ఎవరికో చెప్పకపోతే రెండోది ఎప్పుడూ వెనకబడుతుంది.

హకీంపేటలోని స్పోర్ట్స్ స్కూల్‌ది మొదటి పని. అక్కడ దాపరికమేమీ లేదు. ప్రవేశం కోరి వచ్చే చిన్నపిల్లల ఎత్తు, బరువు చూస్తారు. నిలబడినచోటి నుంచి ఎంత దూరం దూకుతున్నారో, షటిల్ రన్, 800 మీటర్ల పరుగు ఎలా ఉన్నాయో, మెడిసిన్ బాల్ ఎంత దూరం విసురుతున్నారో కొలుస్తారు. స్టువర్టుపురం నుంచి వచ్చిన రాగాల వెంకట్ రాహుల్ ఆ బడిలోనే బరువులెత్తడం నేర్చి, 2014లో నాన్‌జింగ్ యూత్ ఒలింపిక్స్‌లో రజతం, 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచాడు. ఏం కావాలో తెలిసిన బడి అది. చిక్కల్లా మామూలు జిల్లా పరిషత్ హైస్కూల్ కూడా తనను హకీంపేటతో పోల్చుకుని, ఆ ప్రమాణంలో ఓడిపోయానని ఊరుకోవడంలోనే ఉంది.

మామూలు బడి పిల్లలతోనూ పెద్ద లక్ష్యం పెట్టుకోవచ్చు. కాకపోతే దాన్ని మెట్లుగా విడగొట్టాలి. సాంఘిక సంక్షేమ గురుకులాలు అదే చేసి చూపించాయి. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా కుర్రాడు సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకు అప్పటికి 14 ఏళ్లు నిండలేదు. ఆ వార్త అందరికీ తెలుసు. దాని వెనక ఉన్న వరుస మాత్రం తక్కువ మందికి తెలుసు. మొదట గురుకులాల నుంచి వందమందికి పైగా పిల్లలను ఎంచి భువనగిరి రాతిగుట్ట మీద తాడు పట్టుకోవడం, పట్టు దొరికే చోట కాలు మోపడం, దిగడం నేర్పారు. అందులో నెగ్గిన కొద్దిమందిని డార్జిలింగ్ పర్వతారోహణ సంస్థకు పంపారు. అక్కడ మెరుగ్గా చేసినవాళ్లు చలికాలంలో లద్దాఖ్ వెళ్లారు. చివరికి మిగిలింది ఇద్దరు. ఏ మెట్టు దగ్గరా పిల్లలను ఎవరెస్ట్ ఎక్కమనలేదు. ఎదురుగా ఉన్న రాయి ఎక్కమన్నారు. శిక్షణ ఇచ్చిన శేఖర్ బాబు 2007లోనే ఎవరెస్ట్ ఎక్కి వచ్చినవారు కాబట్టి ఏ మెట్టు దగ్గర ఏం చూడాలో ఆయనకు తెలుసు. శిఖరం దాకా వెళ్లని పిల్లలూ ఉత్త చేతులతో తిరిగి రాలేదు. భయం దాటి గుట్ట ఎక్కడం, జట్టుతో కలిసి నడవడం వాళ్లకు మిగిలాయి.

లక్ష్యం ఎలా పెట్టాలన్న సంగతిని ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దశాబ్దాలపాటు పరిశోధించారు. ‘నీకు చేతనైనంత చెయ్యి’ అని వదిలేసినవాళ్ల కంటే, కొంచెం కష్టమైన, స్పష్టమైన లక్ష్యం ఇచ్చినవాళ్లు ఎక్కువ సాధిస్తారని వాళ్లు తేల్చారు. పని కొత్తగా నేర్చుకునేవాళ్లకు మాత్రం ఫలితం మీద కాక, నేర్చుకోవాల్సిన మెలకువ మీద గురి పెట్టాలని కూడా చెప్పారు. మన మైదానాలకు పనికొచ్చేది ఈ రెండో మాటే. ‘ఈసారి జిల్లా కొట్టాలిరా’ అంటే ఎనిమిదో తరగతి పిల్లాడు రేపు పొద్దున ఏం చేయాలో తెలియదు. ‘దసరా లోపు ఎడమ చేత్తో కూడా బంతి డ్రిబుల్ చేయాలి’ అంటే తెలుస్తుంది.

కేంద్ర ప్రభుత్వ ఫిట్ ఇండియా ఫిట్‌నెస్ పరీక్షల్లో తొమ్మిదేళ్లు దాటిన పిల్లలకు 600 మీటర్ల పరుగు ఉంది. దాన్ని ఏ బడైనా పెట్టుకోవచ్చు. సున్నంతో 200 మీటర్ల గీత గీసుకుంటే మూడు చుట్లు. మొదటిసారి పరుగెత్తే పిల్లలందరూ దాదాపు ఒకేలా చేస్తారు. ఈల వినగానే చెప్పులు విడిచి బాణంలా దూసుకుపోతారు. రెండో చుట్టులో నడుం పట్టుకుంటారు. మూడో చుట్టు నడకే. నాలుగైదు వారాలు ‘మొదటి చుట్టు మాట్లాడుతూ పరుగెత్తగలిగినంత నెమ్మదిగా’ అని నేర్పితే చాలామంది ఆగకుండా పూర్తిచేస్తారు. జూలైలో నాలుగు నిమిషాల పైన పట్టిన అమ్మాయి సంక్రాంతి సెలవులకు ముందు మూడున్నర నిమిషాల్లో వస్తే ఆమె గెలిచినట్టే. పోటీ పక్కమ్మాయితో కాదు, జూలైలో రిజిస్టరులో రాసిన తన అంకెతో. కావాల్సిందల్లా ఒక స్టాప్‌వాచ్, ఒక నోటు పుస్తకం, రాసే ఓపిక. ఆ పుస్తకమే ఆటల పీరియడ్‌కు సిలబస్ అవుతుంది.

అందరినీ ఆడిస్తే పతకాలు పోతాయన్న భయం ఉంటుంది. ఆ భయం అక్కర్లేదని నార్వేను చూస్తే తెలుస్తుంది. ఆ దేశం 1987లోనే పిల్లల క్రీడలకు నియమాలు రాసుకుంది. 13వ ఏడు రాకుండా జాతీయ ఛాంపియన్‌షిప్‌లకు పంపరు. 11 ఏళ్ల లోపు పిల్లలకు ర్యాంకులు, ఫలితాల పట్టికలు ఉండవు. అదే నార్వే 2022 శీతాకాల ఒలింపిక్స్‌లో 16 స్వర్ణాలతో పట్టికలో మొదట నిలిచింది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా 15-16 ఏళ్ల దాకా ఒకే ఆటకు కట్టిపడేయవద్దని 2016లో సూచించింది. పన్నెండేళ్ల పిల్లాడి భుజం ఏడాది పొడవునా బౌలింగ్ చేయడానికి సిద్ధంగా ఉండదు.

మన దగ్గరా నిదర్శనం లేకపోలేదు. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలంలోని కల్లెడ ఒక చిన్న పల్లె. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో భారత్ తరఫున విల్లు పట్టిన వర్ధినేని ప్రణీతది ఆ ఊరే. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో మేధోపరమైన వైకల్యం ఉన్నవారి టీ20 విభాగంలో 400 మీటర్లను 55.82 సెకన్లలో పరుగెత్తి కాంస్యం తెచ్చిన జీవంజి దీప్తిదీ ఆ ఊరే. చిన్నప్పుడు ఊళ్లో కొందరు ఎగతాళి చేసిన దీప్తిలో వేగం ఉందని మొదట గుర్తించింది బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడు. కోచ్ నాగపురి రమేష్ చేతికి వచ్చింది ఆ తర్వాతే. జట్టుకు పన్నెండు మందిని ఏరుకుని మిగతావాళ్లను వదిలేసే బడిలో అలాంటి పిల్ల కంటపడుతుందా?

లక్ష్యం రాసుకున్నాక ఎవరి నుంచి ఎవరు ఏం ఆశించాలో కూడా ముందే తేల్చుకోవాలి. గొడవలన్నీ పుట్టేది ఇక్కడే. జూన్ నెలాఖరులో తల్లిదండ్రులను పిలిచి గంటసేపు మాట్లాడితే సగం సమస్యలు తీరతాయి. వారానికి ఎన్ని రోజులు ప్రాక్టీసు, ఎన్నింటికి ఇంటికి పంపుతారు? మండల పోటీలకు బలమైన జట్టే వెళ్తుందా, బడిలోపల జరిగే పోటీల్లో మాత్రం ప్రతి ఒక్కరూ బరిలోకి దిగుతారా? బస్సు చార్జీలు, మధ్యాహ్నం భోజనం ఖర్చు ఎవరిది? మడమ బెణికితే ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారు, ఇంటికి ఎవరు ఫోన్ చేస్తారు? స్పోర్ట్స్ కోటా సీటు గురించి పీఈటీ ఎంత చెప్పవచ్చు, ఎంత చెప్పకూడదు? ఈ చివరిది ముఖ్యం. కోటా ఆశ చూపి పిల్లలను మైదానానికి రప్పిస్తే, సీటు రాదని తెలిసిన రోజున ఆటా వదిలేస్తారు.

పదో తరగతి సంగతి మరీ తెగేసి చెప్పుకోవాలి. ‘టెన్త్‌కొచ్చాక ఆటలు బంద్’ అనే మాట ఇంటింటా వినపడుతుంది. డిసెంబరు దాకా మామూలు ప్రాక్టీసు, తర్వాత వారానికి రెండు రోజులు అరగంట చొప్పున అని బడే ముందుగా చెబితే తల్లిదండ్రులకు కొంత ధైర్యం వస్తుంది. దానికి హెడ్మాస్టరు కట్టుబడాలి. సిలబస్ అవలేదని ఆటల పీరియడ్‌ను ఇంకో సబ్జెక్టుకు ఇచ్చేస్తే పై మాటలన్నీ కాగితం మీదే ఉండిపోతాయి.

ఆడపిల్లల విషయంలో ఆశలు, హామీలు మరింత వివరంగా ఉండాలి. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో చాలామంది అమ్మాయిలు ఆట మానేస్తారు. అడిగితే ఇష్టం లేదంటారు. కాస్త ఓపిగ్గా వింటే వేరే కారణాలు బయటికొస్తాయి. పోటీలు జరిగే చోట మరుగుదొడ్డి ఉండదు. షార్ట్స్ వేసుకోమంటే ఇంట్లో ఒప్పుకోరు. నెలసరి రోజుల్లో సారుకు చెప్పలేరు. పక్క ఊరి పోటీ ముగిసేసరికి చీకటి పడుతుంది. ట్రాక్ ప్యాంటుతో ఆడవచ్చని, ఆ రోజుల్లో కారణం చెప్పకుండానే విశ్రాంతి తీసుకోవచ్చని, అమ్మాయిల జట్టు వెంట తప్పకుండా ఒక టీచరమ్మ వస్తారని, పొద్దుగూకే లోపు బడి దగ్గర దింపుతారని నోటీసు బోర్డు మీద రాసి పెట్టాలి. తల్లులతో ఈ మాట చెప్పాల్సింది కూడా ఆ టీచరమ్మే.