చవుక బొమ్మలు – బల్లమీది సేనలు

చదరంగపు బంటు ఏ దేశపు సైనికుడని ఎవరును అడుగరు. బల్లమీది యుద్ధక్రీడలో మాత్రము ఆ ప్రశ్నయే ముఖ్యము. ఈ ఆటలో బల్లపై కొండలు, వంతెనలు, పల్లెలు అమర్చి, కొలబద్దతో దూరము కొలిచి, పాచికలు వేసి, చిన్న చిన్న సైనికుల బొమ్మలను నడిపింతురు. ఏ బొమ్మ ఏ దళమునకు చెందినదో చూచినంతనే తెలియవలెను. అట్టి బొమ్మలు వందలకొలది కావలెను. వానిని సమకూర్చుకొనుట ఎట్లు?

ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ 1913లో 'లిటిల్ వార్స్' అను పుస్తకమున ఈ ఆటకు నియమములు వ్రాసెను. ఆయన వాడినవి సీసము కలిసిన లోహపు బొమ్మలు. విలియం బ్రిటన్ సంస్థవారు 1893లో లోపల బోలుగా పోతపోయు పద్ధతిని ప్రవేశపెట్టినందున లోహము ఖర్చు తగ్గెను. ఐనను పూర్తి సేనను కొనుట సామాన్యునకు సులభము కాలేదు. 1959లో ఇంగ్లండులోని ఎయిర్‌ఫిక్స్ సంస్థ అంగుళమునకు మించని ప్లాస్టిక్ సైనికులను, పెట్టెకు సుమారు 40 చొప్పున, పిల్లల చేతిఖర్చుకు అందు వెలకు అమ్మసాగెను. సంఖ్య చిక్కు తీరెను. కాని దొరకిన దళములు కొన్నియే. ఆటగాండ్రు కోరిన యుద్ధములు అనేకము. అందుచేత వారు కత్తి చేతబట్టి, ఉన్న బొమ్మలనే కావలసిన బొమ్మలుగా మార్చ నారంభించిరి.

ఈ బొమ్మలు పాలిథీన్‌తో చేసినవి. 1933లో ఇంగ్లండులోని ఇంపీరియల్ కెమికల్ ఇండస్ట్రీస్ ప్రయోగశాలలో అనుకొనకుండ బయటపడిన పదార్థమిది. వంగును గాని విరుగదు. పిల్లలకు ఇది గుణము. మార్పు చేయువానికి ఇదియే చిక్కు. దాని తలము మైనమువలె నుండుటచే జిగురు నిలువదు, రంగు అంటదు. పాలీస్టైరీన్ అను గట్టి ప్లాస్టిక్‌ను దానికి తగిన జిగురు కొంత కరగించి, రెండు ముక్కలను ఏకము చేయును. పాలిథీన్‌ను ఆ జిగురు కరగింపజాలదు. మీ యింటి బొమ్మ ఏ జాతిదో తెలియవలెనన్న చిన్న తునక కోసి, గాలిబుడగలు అంటకుండ నీటిలో ముంచి విడువుడు. పాలిథీన్ నీటికన్న తేలిక గనుక పైకి తేలును, పాలీస్టైరీన్ మునుగును.

జిగురు ఓడినచోట గుండుసూది గెలుచును. పదునైన కత్తితో ఒక బొమ్మ తలను మెడకడ కోసి, మొండెములో సూదిముక్కను గ్రుచ్చి, మరియొక బొమ్మ తలను దానిపై దిగవేయుదురు. బలమంతయు సూదిదే, జిగురు సందు పూడ్చుటకు మాత్రమే. చేయి పైకెత్తవలెనన్న బొమ్మను వేడినీటిలో ఉంచి, మెత్తబడిన పిదప వంచి, వెంటనే చన్నీటిలో ముంచి పట్టుకొందురు. కత్తిపని, వేడినీటిపని పెద్దల చేతిలో నుండుట మేలు. టోపీకి కాగితపు పట్టీ చుట్టి ఎత్తు పెంచినచో అమెరికా అంతర్యుద్ధపు సైనికుడు నెపోలియన్ కాలమునకు చేరును. కొండపల్లి పనివారు అవయవములను వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతుకుట చూచినవారికి ఈ పని క్రొత్తగా తోపదు.

ఇక రంగు. అచ్చునుండి సులభముగా ఊడివచ్చుటకు పూసిన జిడ్డు బొమ్మపై మిగిలియుండవచ్చును. కావున మొదట సబ్బునీటితో కడిగి ఆరనీయవలెను. గట్టిపడు రంగును నేరుగా పూసినచో తుపాకి వంగినంతనే అది పెళ్లలుగా రాలును. అందువలన వడ్రంగులు వాడు తెల్లని జిగురును పలుచగా పూసి, ఆరిన పిదప నీటితో కలియు రంగులు వేసి, పైన మరల ఒక పూత పూయుదురు. ఆ పొర బొమ్మతో పాటు వంగును.

కత్తి పెట్టకయే బొమ్మ మారిన కథ యొకటి కలదు. అమెరికాలోని లేక్ జెనీవా పట్టణవాసి గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌తో కలిసి 1974లో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను ఆటను ప్రకటించెను. బల్లమీది యుద్ధక్రీడనుండియే అది పుట్టెను. గైగాక్స్ చవుకగా కొన్న హాంగ్‌కాంగ్ ప్లాస్టిక్ మృగములలో ఏ జంతువునకును పోలని ఆకారములు కొన్ని యుండెను. తోకచివర పంకావంటి రెక్కలుగల ఒకదానిని ఆయన, ఇనుమును తుప్పుపట్టించి తిను ప్రాణిగా ఊహించెను. కత్తికి బెదరని కవచధారి దానికి బెదరును! 1975 నాటి 'గ్రేహాక్' అనుబంధములో అది 'రస్ట్ మాన్‌స్టర్' అను పేరుతో చేరెను. అంగడివాడు పేరైన పెట్టని బొమ్మకు ఆటగాడు స్వభావమును కల్పించెను.

బల్లమీద మూడు నాలుగుసార్లు ఆడినవానికి నిజమైన యుద్ధమెంత తెలివిమాలిన పనియో బోధపడునని వెల్స్ అభిప్రాయము. ఆ పుస్తకము వెలువడిన మరుసటి యేడే, 1914లో, మొదటి ప్రపంచయుద్ధము వచ్చినది. లోకము ఆయన మాట వినలేదు. కాని ఒక సాయంకాలము కూర్చుండి తల మార్చి, చేయి వంచి, రంగు వేసి నిలిపిన సైనికుని పాచిక పడినంతనే పడగొట్టవలసి వచ్చినప్పుడు, ఆడువాని చేయి ఒక క్షణము వెనుదీయును. కాసులలో వెలలేని బొమ్మకు అప్పటికి వెల వచ్చినదన్నమాట.